స్తోత్రానికి ముందు ఒక ప్రశ్న

బూన్ లే ఆంటీ పోయారన్న కబురు నాకు ఆఫీసులో అందింది. అంకులే ఫోన్ చేశారు. "మీ ఆంటీ పోయిందమ్మా" అని ఆగిపోయారు. ప్రభువు పిలుచుకున్నాడనో, ప్రభువునందు నిద్రించిందనో మావాళ్ళు ఇలాంటప్పుడు అనే మాట ఏదో ఒకటి వస్తుందని ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూశాను. రాలేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలు ఊరికే అనడానికి వీలుండేది కాదు.

ఆమె నాకు చుట్టం కాదు. వైటుకె కంప్యూటర్ పనులకని మమ్మల్ని గంపగుత్తగా సింగపూరు దింపిన రోజుల్లో నేను క్లెమెంటిలో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఆదివారం తెలుగు ప్రార్థన ఎక్కడ జరుగుతుందని వాకబు చేస్తే బూన్ లే పేటలో ఆంటీవాళ్ళ ఫ్లాట్ చూపించారు. వచ్చేవాళ్ళలో సగం మంది మాలాంటి కంప్యూటర్ వాళ్ళు, సగం మంది జురాంగ్ షిప్‌యార్డుల్లో పనిచేసే కుర్రాళ్ళు. ఆంటీ, అంకుల్ తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆంటీ చిన్నపిల్లల బడిలో టీచరు, అంకుల్ షిప్‌యార్డులో సూపర్‌వైజరు.

మేము లోపల పాటలు మొదలుపెట్టేవేళకు ఆంటీ బయట కారిడార్‌లో చతికిలబడి మా చెప్పులు సర్దుతూ ఉండేవారు. పక్క ఫ్లాట్‌లో ఒక మలే మామ్మగారు ఉండేది. చూపు తక్కువ, చేతికర్ర ఊపుకుంటూ నడిచేది. ఆవిడ కాలికి ఏదీ తగలకుండా బూట్లు, శాండళ్ళు గోడవారగా, ముందువైపు బయటికి ఉండేలా పెట్టి అప్పుడు లోపలికొచ్చేవారు. పాట సగంలో వచ్చారేం ఆంటీ అని ఎవరైనా ఆటపట్టిస్తే, "మనం దేవుణ్ణి పొగుడుతుంటే మామ్మగారు బోర్లా పడిందనుకో, ఆయన ఏ చప్పుడు వింటాడంటావు?" అనేవారు.

దేవుడి గురించి ఆమెకు ఒక గట్టి అభిప్రాయం ఉండేది. ఆయన అన్నిటికంటే ముందు ప్రశ్న అడిగే దేవుడు. బైబిల్లో, తప్పు చేసి తోటలో దాక్కున్న మొదటి మనిషిని ఎక్కడున్నావని అడిగాడు. తమ్ముణ్ణి చంపి వచ్చిన అతని కొడుకుని నీ తమ్ముడెక్కడని అడిగాడు. తెలియక అడిగాడా? మన నోటితో జవాబు చెప్పించడానికి అడిగాడు. మనిషిని జవాబు చెప్పగలిగేవాడిగా చేశాడు కాబట్టే అడుగుతాడని, అడగడం మానేస్తే మనల్ని మనుషుల లెక్కలోంచి తీసేసినట్టేనని ఆమె చెప్పేవారు. నాకు అప్పట్లో ఇది చిన్నపిల్లల టీచరు చాదస్తంలా అనిపించేది.

మా కూటంలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఒకరు లేచి చెబుతారు, మిగతావాళ్ళంతా స్తోత్రం అంటారు. డాట్‌కామ్ కంపెనీలు మూతపడుతున్న రోజుల్లో మా వాడొకడు లేచి, టీములో అందరినీ తీసేసినా దేవుడు తనను నిలబెట్టాడని మురిసిపోయాడు. అందరం స్తోత్రం అన్నాం. ఆంటీ టీ గ్లాసులు అందిస్తూ, "మరి ఆ తీసేసినవాళ్ళకి ఆయన ఏవవుతాడు నాన్నా, సవతి తండ్రా?" అన్నారు. గది గదంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

అదే ప్రశ్న ఇంకోసారి వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అబ్బాయి అంకుల్ యార్డులోనే వెల్డరు. ఒక వారం అతనికి జ్వరం తగిలి పనికి వెళ్ళలేదు. అతని బదులు ఓడ అడుగున ట్యాంకులోకి అతని ఊరివాడే, అతని గదిలోనే ఉండే కుర్రాడు దిగాడు. లోపలి గాలి పాడైపోయి ఉంది. ఊపిరాడక చనిపోయాడు. ఆ ఆదివారం ఈ అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"నాకు జొరవొచ్చి రూంలో పడుకుండిపోనాను. నా బదులు ఆడెల్లాడు. దేవుడు నన్ను కాపాడినాడు."

స్తోత్రం అన్నారు కొందరు. అంకుల్ తల వంచుకుని, "అంతా దేవుని చిత్తం" అన్నారు. ఆంటీ ఆ అబ్బాయి వైపే చూస్తూ అడిగారు.

"ఆ పిల్లాడి తల్లి ఇవాళ ఏ సాక్ష్యం చెప్పాలి నాన్నా?"

ఆమె అడిగింది ఆ అబ్బాయిని కాదని తర్వాత నాకు అర్థమైంది. మనుషులు దిగేముందు ట్యాంకులో గాలి మీటరుతో చూడాల్సింది సూపర్‌వైజరు. ఓడ వెళ్ళిపోవాలన్న తొందరలో ఆ రోజు అంకుల్ చూడలేదు. ఆ సంగతి ఆంటీకి అప్పటికే తెలుసు. భర్త నోట దేవుని చిత్తం అన్న మాట వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కాని ప్రశ్న వెళ్ళి తగిలింది జ్వరం పడి లేచిన కుర్రాడికి. అతను కూర్చోలేదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

తర్వాత ఆ ఇంట్లో ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు. అంకుల్ వెళ్ళి విచారణలో తాను గాలి చూడలేదని ఒప్పుకున్నారు. ఉద్యోగం పోయింది. కూటంలో సగం మంది రావడం మానేశారు. మొగుణ్ణి రోడ్డున పడేసిన మహాతల్లి అన్నారు, దేవుడి సార్వభౌమత్వాన్నే ప్రశ్నించింది అన్నారు. అంత పెద్ద మాట పలికినవాళ్ళలో ఒక్కరైనా చనిపోయినవాడి తల్లికి ఎవరు కబురు చెప్పారని అడిగిన పాపాన పోలేదు. నాకు ఇప్పటికీ ఆ మనుషులంటే మంట.

అయితే ఆంటీ గెలిచినట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఒకరోజు క్లెమెంటి హాకర్ సెంటర్‌లో, తిండి కొట్లన్నీ ఉండే చోట, అక్కడివాళ్ళు చేసినట్టే బల్లమీద టిష్యూ పొట్లం పెట్టి నాకు సీటు ఆపి ఉంచారు. కాఫీ తెచ్చుకుని కూర్చున్నాక, "నేను దేవుడి తరపున అడిగానో, నా కోపం అడిగిందో తేలట్లేదే అమ్మా" అన్నారు. అడగాల్సింది ఇంట్లో అయితే నలుగురిలో అడిగాను, మొగుణ్ణి అడగాల్సింది ఆ బిడ్డను అడిగాను అని కళ్ళు తుడుచుకున్నారు. కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేశాను.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు ఆమె, సెలవురోజు మన కూలీ కుర్రాళ్ళంతా చేరే లిటిల్ ఇండియాకు వెళ్ళేవారు. ఆ జనసముద్రంలో ఆ అబ్బాయి కనిపిస్తాడేమోనని సెరంగూన్ రోడ్డు పొడుగునా నడిచేవారు. రెండుమూడుసార్లు నేనూ తోడు వెళ్ళాను. కనిపిస్తే ఏమంటారని అడిగితే, నువ్వు బతికినందుకు స్తోత్రమే నాన్నా అని ముందు చెబుతానని, ఆ తర్వాతి మాట ఇంకా దొరకలేదని అన్నారు.

జబ్బు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడవచ్చినవాళ్ళు, దేవుడు పరీక్షిస్తున్నాడని ఓదార్చబోయారు. ఇది దేవుడు పంపిన జబ్బని అనొద్దు, ఆయన మీద నాకు కోపం తెప్పించొద్దు అని ఆమె బతిమాలారు. వాళ్ళు వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఆయన అడిగాడు, మేం చెప్పాం. ఇప్పుడు వెళ్ళాక ముందు నేనే అడుగుతా. ఆ పిల్లాడు లోపల ఊపిరాడక కొట్టుకుంటుంటే నువ్వెక్కడున్నావు అని."

ఆయన ఏమంటాడని నేను అడిగాను. ఏడుస్తాడనుకుంటా అన్నారు. అది చాలుతుందా ఆంటీ అంటే, చాలదు అని కళ్ళు మూసుకున్నారు. ఆ మాటతో ఇవాళ్టికీ నాకు నిద్ర పట్టదు. దేవుడి మీద నమ్మకం పోయి అలా అన్నారా, నమ్మకం ఉండబట్టే అనగలిగారా? నేను తేల్చుకోలేను.

జ్ఞాపకార్థ కూటం ఆ ఫ్లాట్‌లోనే పెట్టారు. మానేసినవాళ్ళు కూడా వచ్చారు. పాస్టరుగారు ప్రార్థనలో అంతా దేవుని చిత్తం అనగానే అంకుల్ లేచి బయటికి వెళ్ళారు. ఏడవడానికి వెళ్ళారనుకుని నేను వెనకే తలుపుదాకా వెళ్ళాను. ఆయన కారిడార్‌లో కింద కూర్చుని మా చెప్పులు గోడవారకు జరుపుతున్నారు. వంగలేని మనిషి, ఒక్కొక్కటే తీసి పెడుతున్నారు. చివరికి ఒక బరువైన సేఫ్టీ బూటు చేతికి వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయారు.

"ఇది ఎవరిది?" అన్నారు. గొంతు లోపలిదాకా వినిపించింది.

కారిడార్ చివర, మెట్ల దగ్గర, లోపలికి రాకుండా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒంటిమీద యార్డు యూనిఫాం, కాళ్ళకు సాక్సు మాత్రమే. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కాని ఆ శ్రీకాకుళం అబ్బాయేనని పోల్చుకున్నాను. బూట్లయితే విప్పాడు గాని గడప దాటలేకపోయాడు. సెరంగూన్ రోడ్డులో ఆంటీని చాలాసార్లు చూశానని, చూసి పక్క సందులోకి తప్పుకునేవాణ్ణని తర్వాత నాతో చెప్పాడు.

"నాదే అంకుల్" అన్నాడు.

అంకుల్ తలెత్తి అతన్ని చూశారు. బూటును గోడవారగా, ముందువైపు బయటికి ఉండేలా పెట్టారు. పెట్టాక కూడా దాని మీదనుంచి చెయ్యి తీయలేదు. పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. మలే మామ్మగారు చేతికర్ర ఊపుకుంటూ వాళ్ళిద్దరి మధ్యనుంచి దేనికీ తగలకుండా నడిచి వెళ్ళింది.