ఎద్దునాలుక పువ్వు

పంకజానికి లోకంలో ఏది చూసినా రోతే. ఉప్పళంలో ఆమె ఉండే సందులో పక్కింటి మురుగునీళ్లు రోత, మెట్ల మీద ఉమ్మేవాడు రోత, వాణ్ణి ఒక్క మాటా అనని వాడి పెళ్లాం మరీ రోత. ఇడ్లీపిండి రుబ్బి అమ్ముకునే మనిషి. గిన్నె తెచ్చినవాళ్ల గోళ్లు చూసిగానీ పిండి పోయదు.

ఆమె ముక్కు మూసుకోకుండా అడుగుపెట్టే చోటు ఒక్కటే, మురుంగపాక్కంలో పుట్టింటివాళ్ల అమ్మవారి తోపు. ముసలిచెట్ల నీడ, కాలు దిగబడే కుళ్లిన ఆకులు. వాటి మధ్య నేలకు అతుక్కుని ఎద్దునాలుక మొక్క పెరుగుతుంది. చామంతికి చుట్టమే గానీ ఆ షోకు దీనికి లేదు. మధ్యాహ్నం దాటాక చిన్న ఊదాపువ్వు విచ్చుకుంటుంది, అంతే. పంకజం ఒకసారి ఇంట్లో కుండీలో పెట్టి చూసింది, బతకలేదు. ఏటా అమ్మవారికి వండిపెట్టే పడైయల్ నాడు ఇంటి పెద్దాడపడుచు తడిచీరతో ఆ పువ్వు కోసి అమ్మవారి తలమీద పెట్టాకే ఎవరైనా విస్తరి ముందు కూర్చోవాలి. తల్లి పోయాక ఆ పని పంకజానిది. ఎన్నడూ తప్పలేదు.

ఈసారి వచ్చేసరికి తోపు గుండు గీసినట్టుంది. అన్నకొడుకు నరేంద్రన్ సేదరపేట్ నుంచి కూలీలను పిలిపించి, ఆకులు ఊడ్పించి, కలుపుమందు కొట్టించి, షామియానా వేయించాడు.

"నీకు మురికి పిడిక్కాదని అంతా క్లీన్ చేయించినా అత్తా" అన్నాడు మురిసిపోతూ.

మందు కంపుకి పంకజం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "యాడరా ఉండింది మురికి? ఇప్పుడు నువ్వు కొట్టినావే, అదే మురికి."

తడిచీరతో తోపంతా గాలించింది. మొక్కలన్నీ మాడి పడున్నాయి. చివరికి ఓ మూల, కూలీలు తిని పారేసిన ఎంగిలాకుల కింద పచ్చగా ఏదో కనిపించింది. ఒళ్లు జలదరిస్తున్నా చేత్తోనే ఆకులు తీసింది. మిగిలింది ఆ ఒక్క మొక్క, దానికి ఒక్క పువ్వు. కోస్తే ఇక విత్తనం కూడా మిగలదు. కోయకపోతే తల్లి అప్పగించిన పని తన చేతుల్లో తప్పుతుంది. తొడిమ దాకా వెళ్లిన వేళ్లను వెనక్కి తీసుకుంది. ఎవరూ దగ్గరికి రాకుండా ఆ ఎంగిలాకులే మళ్లీ చుట్టూ పేర్చింది.

వట్టిచేతులతో వచ్చిన ఆమె చుట్టూ చుట్టాలంతా మూగారు.

"పువ్వు లే" అంది అమ్మవారి ముందే నిలబడి. "మీరు చంపినాక యాడిది? ఈ ఏడు అమ్మ తల బోసిగానే ఉంటుంది."

నరేంద్రన్ గడియారం చూసుకుని, విస్తళ్లు వేయమని వంటవాళ్లకు చెప్పాడు. అందరూ కూర్చున్నారు.