ఎర్రబండి హర్రాజు

మా నారాయణఖేడ్‌లో ఆ రోజుల్లో పెళ్ళి జరిగిన ఏ ఇంటికి వెళ్ళినా చాయ్‌తో పాటు ఆల్బమ్ కూడా తెచ్చి ఒళ్ళో పెడతారు. నాలుగు పేజీలు తిప్పేసరికి ఎర్రబండి కనబడుతుంది. అందులో పెళ్ళికొడుకు బాసింగం కట్టుకుని బిగుసుకుపోయి కూర్చుని ఉంటాడు. "గీ బండి యాదికున్నదా?" అంటారు ఇంటివాళ్ళు. వాళ్ళు మామూలుగానే అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. చాయ్ సగంలో వదిలేసి, పనుందని లేచి వస్తాను. ఎన్నేళ్ళుగానో అట్లా లేచి వచ్చినవాణ్ణి ఈసారి కూర్చుని చెబుతున్నాను. చెబితే మంచివాణ్ణి అయిపోతానన్న ఆశ నాకేం లేదు.

బీదర్ రోడ్డు మీద నాది రేడియోలు బాగుచేసే దుకాణం. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు రోడ్డు మీద నిలబడాల్సిందే, అంత జాగా. పక్కనే రేకుల షెడ్డులో మిస్త్రి ఉండేవాడు. జీపు, ట్రాక్టరు, బావి మోటారు, ఏది మొరాయించినా జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను "రేడియో" అని పిలిచేవాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగిన ఆ మనిషికి అక్షరం ముక్క రాదు. చీటీ వచ్చినా, ఉత్తరం వచ్చినా నా దగ్గరికి తెచ్చేవాడు. నేను చదివితే అదే వేదం.

డెబ్బైల చివర్లో మనూర్ వైపు దొరల పాత గడిలో నీళ్ళ మోటారు బాగుచేయడానికి వెళ్ళి, మేకల కొట్టంలో ఒక కారును చూశాడు. తాతల కాలం నాటిది. పైకప్పు లేదు, సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నాకు కూలి వద్దు, ఇది ఇయ్యండి అన్నాడట. వాళ్ళు నవ్వుకుని ఇచ్చేశారు. రెండు జతల ఎడ్లు కట్టి లాక్కొచ్చాడు.

రెండేళ్ళు పట్టింది. పాడైన జీపు నుంచి తీసిన ఇంజను పెట్టాడు. అది పెద్దదై పైమూత పడకపోతే, మూతే తీసి అవతల పారేశాడు. ఒళ్ళంతా ఎర్రరంగు కొట్టాడు. పొగ గొట్టాలు వెనక నుంచి కాకుండా రెండు పక్కల నుంచి, దున్నపోతు కొమ్ముల్లా బయటికి తీశాడు. వెనక చక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి వేశాడు. ఎందుకన్నా అంటే "ఉరకవోయే ఎద్దు జర ముందుకు వంగుతది, సూడలేదా?" అన్నాడు. పాత కార్లను కోసి, పెద్ద ఇంజన్లు దించి ఇట్లాగే తయారుచేసే కుర్రాళ్ళు అమెరికాలో ఉంటారనీ, వాటిని హాట్ రాడ్‌లు అంటారనీ చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసింది. మిస్త్రి ఆ మాట విననేలేదు. తన బుర్రలో నుంచే తీశాడు. లైట్లు, వైర్లు, హారన్ మాత్రం నేను బిగించాను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను దీన్నే పట్టుకుని వేలాడాను.

ఆ బండి వస్తుంటే అర కోసు దూరం నుంచి తెలిసేది. బోరంచ జాతరకు వెళితే జనం అమ్మవారి దర్శనం అయ్యాక దీని చుట్టూ తిరిగేవాళ్ళు. సిర్గాపూర్ నుంచి, సరిహద్దు అవతలి కన్నడ పల్లెల నుంచి కూడా పెళ్ళి బరాత్‌కు కావాలని వచ్చేవాళ్ళు. మిస్త్రి కిరాయి తీసుకునేవాడు కాదు. పెట్రోలు పోయించి ఒక కొబ్బరికాయ ఇస్తే చాలు. "కిరాయి దీస్కుంటే గది టాక్సీ అయితది" అనేవాడు. అప్పుడు నాకది గొప్పగా అనిపించలేదు, పిచ్చిగా అనిపించింది. ఇంత ఊరేగుతున్నా పైసా సంపాదించడు అని లోపల సణుక్కునేవాణ్ణి.

ఎనభైల నడుమ ఒక పెళ్ళి నుంచి తిరిగి వస్తుంటే తనిఖీలో బండి పట్టుబడింది. కాగితాలు చూపించమన్నారు. ఒకదాని ఒళ్ళు, ఇంకోదాని గుండె, కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? చట్టం ప్రకారమే జప్తు చేసి సర్కారు ఆవరణలో వేపచెట్టు కింద పెట్టారు. ఏడాదిన్నర అక్కడే ఉంది. మిస్త్రి ప్రతి శుక్రవారం పోయి, కాపలావాణ్ణి బతిమాలి, ఆకులు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి వచ్చేవాడు. చివరికి వేలం నోటీసు వచ్చింది. నేనే చదివాను. ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్ళు పాటలో పాల్గొనడానికి లేదని అందులో ఉంది. వేలంలో పాడుకున్నవాడికి మాత్రం సర్కారే అమ్మకం కాగితం ఇస్తుంది. అంటే బండికి తొలిసారి ఒక కాగితం పుడుతుంది.

"అయితె నువ్వు పాడు రేడియో" అన్నాడు మిస్త్రి. "నీ పేరు మీద తీస్కో. ఇంక కొన్ని దినాలైనంక నా పేరు మీదికి మార్చుకుందాం."

ఇక్కడ మా దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. పశువుల అంగడిలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడు, కొనేవాడు రుమాలు కింద చేతులు కలుపుతారు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఆ రుమాలు కింద చెయ్యి ఇచ్చాక మాట తప్పినవాడు మళ్ళీ అంగడిలో తలెత్తుకోలేడు. మిస్త్రి తండ్రి ఆ అంగడిలో బేరాలు కుదిర్చే మనిషి. కొడుకుకు మోటార్లు వచ్చినా నమ్మకం మాత్రం రుమాలు మీదే. వేలానికి రాబోయే పాత ఇనుము వ్యాపారుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయాడు. జహీరాబాద్ వాళ్ళు, బీదర్ వాళ్ళు, మన ఖేడ్ వాళ్ళు. తలమీది రుమాలు తీసి, దాని కింద చెయ్యి పట్టుకుని, నా బండి మీద పాట పెంచొద్దని అడిగాడు. బీదర్ ఆయన "ఆయ్తు" అని ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. అందరూ చెయ్యి ఇచ్చారు.

ఆఖరున నా దుకాణానికి వచ్చాడు. పాటకు కావలసిన డబ్బు నా బల్ల మీద పెట్టాడు. నేను నవ్వుతూ చెయ్యి చాపాను. ఆయన రుమాలు తిరిగి తలకు చుట్టుకుంటూ "నీతోటి రుమాలెందుకురా?" అన్నాడు.

వేలం రోజు ఆయన రాలేదు. సొంత సొమ్ము హర్రాజు అవుతుంటే నిలబడి చూడకూడదని ఇంట్లోనే కూర్చున్నాడు. వ్యాపారులు వచ్చారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మిగతా తుక్కు మీద కుక్కల్లా కొట్లాడారు గానీ ఎర్రబండి వంతు వచ్చేసరికి ఒక్కడూ నోరు తెరవలేదు. మూడోసారి అని అరిచారు. బండి నా పేరు మీదికి వచ్చింది. ఇంతవరకు నేను నిజాయితీపరుణ్ణే.

బయటికి వస్తుంటే తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చాడు, బస్సు ఆలస్యమై వేలం అందలేదు. పాత మోటార్లు కొని దాచుకోవడం ఆయన సరదా. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి పొగ గొట్టాల అతుకుల మీద వేలితో నిమిరాడు. నేను కలలో కూడా అనుకోని ధర చెప్పాడు. తర్వాత అడిగాడు, "ఎవరు చేసిండ్రు దీన్ని?"

నేను తల దించుకుని కూడా చెప్పలేదు. ఆయన కళ్ళలోకి చూసి "నేనే" అన్నాను.

డబ్బు మీద ఆశతో బండిని అమ్మడం ఒక తప్పు. అది చాలామంది చేస్తారు. ఈ "నేనే" మాత్రం ఎవరూ అడిగి చెప్పించింది కాదు. ఇంకొకరి పేరు చెప్పినా ఆయన అంతే ఇచ్చేవాడు. ఆయన చూపులో ఉన్న ఆ గౌరవం నాకు కావాలనిపించింది, తీసేసుకున్నాను. లైట్లు నావే కదా, హారన్ నాదే కదా అని ఆ సాయంత్రం లెక్క చెప్పుకున్నాను. మిస్త్రికి చెయ్యి ఇవ్వలేదు కదా అని కూడా చెప్పుకున్నాను. మనిషి సిగ్గు విడిచాక బుద్ధి ఎంత చురుగ్గా పనిచేస్తుందో అప్పుడే చూశాను. మర్నాడు పొద్దున్నే కాగితాలు చేతికి వచ్చాయి. లారీ నేరుగా ఆవరణలోకే వచ్చింది.

మిస్త్రి దగ్గరికి పోయి, ఈ బండి మళ్ళీ ఈ రోడ్ల మీద కనబడితే నా మీద కేసు పెడతామని సర్కారువాళ్ళు బెదిరించారనీ, భయపడి దూరం వాళ్ళకు ఇచ్చేశాననీ చెప్పాను. ఆయన ఇచ్చిన డబ్బు, దానిమీద ఇంకొంచెం వేసి చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు షెడ్డులో బండి ఉండే ఖాళీ జాగాను చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పరేషాన్ గాకు. బండి పోతె పాయె, నీ మీద కేసయితె ఎట్లుండు?"

అంతటితో అయిపోలేదు. పది రోజుల తర్వాత ఆయన భార్య నా దుకాణానికి గిన్నె పట్టుకుని వచ్చింది. నా మీద కేసు కాకుండా తప్పినందుకు బోరంచ నల్లపోచమ్మకు కోడిని మొక్కుకున్నారట, తీర్చి వచ్చారట. "మా ఆయన జెప్పిండు, ముందుగాల నీకే పెట్టాలె అని. వేడిగున్నప్పుడే తిను" అని అక్కడే నిలబడింది. ఆమె చూస్తుండగా తిన్నాను. ఎముకలతో సహా తిన్నాను. ఆ రుచి గురించి ఇంతకంటే రాయలేను.

మిగిలిన డబ్బుతో దుకాణం పెద్దది చేశాను, అద్దం తలుపు పెట్టించాను, టీవీలు తెచ్చాను. కొత్త కుర్చీలో మొదట కూర్చున్నది మిస్త్రే. "మా రేడియో టీవీ అయిండు" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పి మురిసిపోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుబడకపోవడంలో సుఖం ఉంటుందనుకునేవాణ్ణి. ఆయన చాయ్ తాగుదాం రమ్మని పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక రిపేరు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఆయన మళ్ళీ ఏ బండీ తయారుచేయలేదు.

తొంభైల మొదట్లో ఒక ఆదివారం ఆయన ఆయిల్ చేతులతోనే పరుగున వచ్చాడు. చాయ్ హోటల్లో పేపర్ చూశాడు, అందులో బండి బొమ్మ ఉంది. హోటలాయనను అడిగి తెచ్చుకున్నాడు. "గిది మనదే. గొట్టాలు సూడు, నా అతుకులే. ఏం రాసిండ్రు? జల్దీ సదువు."

బొంబాయిలో పాత మోటార్ల వేలం జరిగిందట. దేశదేశాల నుంచి వచ్చినవాళ్ళు పాడారట. మెరుగులు దిద్దిన ఖరీదైన కార్లను దాటి, ఏ మార్పూ చేయకుండా ఉంచిన ఈ ఎర్రబండి అన్నిటికంటే ఎక్కువ పలికిందట. కింద రెండు వాక్యాలున్నాయి. నారాయణఖేడ్‌కు చెందిన ఒక రేడియో మెకానిక్ ఒంటిచేత్తో దీన్ని తయారుచేశాడనీ, సర్కారు వేలం ముగిసిన మరునాడే మంచి ధర ఇచ్చి అతని దగ్గర కొన్నాననీ పాత యజమాని చెప్పాడు.

ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"నా ముచ్చట రాసిండ్రా?"

"రాసిండ్రన్నా" అన్నాను. చదవడం మొదలుపెట్టాను. నారాయణఖేడ్‌కు చెందిన ఒక మిస్త్రి, చదువు లేకున్నా, ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి, రెండేళ్ళు కష్టపడి దీన్ని తయారుచేశాడు, పెళ్ళిళ్ళకు కిరాయి లేకుండా తోలాడు. కాగితం మీద లేని మాటలన్నీ చదివాను. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు, నిజం చెప్పాలంటే అప్పుడే మొదటిసారి నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "గింత మంచిగ రాసిండ్రా?" అని, పేపర్ నా చేతిలో నుంచి తీసుకుని మడిచాడు. గీడనే ఉంచన్నా, అద్దం కట్టిస్త అన్నాను. వద్దన్నాడు. పదో తరగతి చదివే బిడ్డ ఉంది, ఇంట్లో అందరి ముందర మళ్ళీ చదివిస్తానని అంగీలో పెట్టుకుని పోయాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచి పేపర్ నా చేతికి ఇచ్చాడు.

"బిడ్డ సదివింది" అన్నాడు. "ఇగ నువ్వు సదువు."

ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. రేడియో మెకానిక్, ఒంటిచేత్తో, మరునాడే, మంచి ధర. ఒక్క అక్షరం వదల్లేదు. ఆయన చివరిదాకా విన్నాడు. కోపం వస్తుందని, కొడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నిన్న నువ్వు సదివిందే మంచిగుండె" అన్నాడు. కాగితం నా చేతిలోనే వదిలేసి, షెడ్డు తాళం తీయడానికి వెళ్ళాడు.