చంద్రి కాలు, నా ఊరేగింపు

నా పెళ్లికి వచ్చినవాళ్లు ఇప్పటికీ భోజనాల సంగతి ఎత్తరు, గుర్రం సంగతే ఎత్తుతారు. ఆ గుర్రాన్ని కుంటిదాన్ని చేసింది పశువైద్యుడైన పెళ్లికొడుకే, అంటే నేనే. చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు రాదు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. అమలాపురంలో నాకు కొత్త ఉద్యోగం. పెళ్లిళ్లకు గుర్రాన్ని తిప్పే నూకరాజు గారు కుంటుతున్న తన చంద్రిని నడిపించుకుంటూ తీసుకొచ్చారు. ముందుకాలి వెనక నరం, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది, పోగులు తెగి వాచిపోయింది. ఆ ఇంటిల్లిపాదికీ ఆ గుర్రమే ఆధారం. నేనేమో హైదరాబాదులో నాలుగు రోజులు శిక్షణ పొంది, లోకంలోని గుర్రాలన్నీ నాకోసమే కుంటుతున్నాయనుకునే దశలో ఉన్నాను. గుర్రం రక్తమే తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, అందులోని మేలైన భాగాన్ని ఆ నరంలోకే ఎక్కిస్తే తెగిన పోగులు మళ్లీ అల్లుకుంటాయి. మా ఆసుపత్రిలో ఆ యంత్రం లేదు. రక్తం పట్టుకుని మనుషుల ల్యాబుకు పరిగెత్తాను.

"పేషెంటు పేరండీ?"

"చంద్రి."

"వయసండీ?"

"తొమ్మిది."

"అయ్యో, పసిపిల్లండీ! అన్నం తింటందాండీ?"

"ఉలవలు తింటుంది."

ల్యాబు కుర్రాడు కలం కింద పెట్టేశాడు. ఎలాగో బతిమాలి రక్తం తిప్పించుకుని, తెచ్చి చంద్రి కాలికి ఎక్కించాను.

మూడు నెలలకు చంద్రి కుంటడం మానేసింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నొప్పి ముందు పోతుంది, నరం గట్టిపడేది తర్వాత. ఆరు నెలలు వీపున బరువు పెట్టొద్దని నూకరాజు గారికి నేనే పదిసార్లు చెప్పాను. ఈలోగా నా పెళ్లి కుదిరింది.

"మీ ఊరేగింపుకి మా చంద్రే రావాలండీ," అన్నారాయన.

"ఆరు నెలలన్నాను కదండీ!"

"ఆయ్, అన్నారండి. కానీ ఏదన్నా అయితే డాక్టరు గారు దాని మీదే ఉంటారు కదండీ!"

ఆ తర్కానికి పడిపోయానని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. నా వైద్యం వీధిలో నడుస్తుంటే ఊరంతా చూడాలనిపించింది. ఎక్కి కూర్చున్నాను.

రెండో మలుపులో ఎవరో టపాకాయల దండ అంటించారు. చంద్రి ఎగిరిపడింది. తర్వాత ఆ కాలు కింద పెట్టలేదు. దిగి, పట్టుపంచెతోనే రోడ్డు మీద చతికిలబడి కాలు తడిమాను. అల్లుకున్నదంతా తెగిపోయింది.

"పెళ్లికొడుకు గుర్రానికి దణ్ణం పెడతన్నాడేంటండీ?" అని ఆడపెళ్లివారు గుసగుసలాడారు.

నూకరాజు గారు నా మొహం చూసి అంతా తెలుసుకున్నారు. "పెళ్లి పూట మీరు బాధపడకండి, డాక్టరు గారూ. ముహూర్తం దాటిపోద్ది, కారెక్కండి," అన్నారు. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేవాణ్ణి.

చంద్రి మళ్లీ ఎవరినీ మోయలేదు. మరుసటి ఏడు ఎవరిదో ఊరేగింపులో నూకరాజు గారు కూలికి భుజాన ట్యూబులైటు మోసుకుంటూ కనిపించారు. "బాగున్నారాండీ?" అని ఆయనే ముందు పలకరించారు.

అందుకే దేవుడి గదిలో దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: మళ్లీ పెళ్లి చేసుకోవలసి వస్తే మండపానికి నడిచే వెళతాను. మా ఆవిడ ఆ ప్రమాణం మొదటి సగం కొట్టేయమంది.