వేడి తీగ, సున్నపు పూత

కిరోసిన్ వాసన ఈ రోజుల్లో ఎక్కడా తగలడం లేదు. నా వెల్డింగ్ షెడ్డులో మాత్రం ఇంకా తగులుతుంది. స్టీలు ట్యాంకు అతుక్కి బయటివైపు సున్నం పూసి ఆరనిచ్చి, లోపలివైపు కిరోసిన్ రాసి కాసేపు ఆగుతాను. అతుకులో సూదిమొనంత రంధ్రం ఉన్నా తెల్లటి సున్నం మీద తడిచుక్క తేలుతుంది. నిన్న అలా చూస్తూ ఉంటే, ఆ పరీక్ష నాకు నేర్పిన వీరప్ప మేస్త్రి గుర్తొచ్చాడు.

ఆయనది నాగల్‌గిద్ద వైపు కన్నడం మాట్లాడే కుటుంబం. పట్నంలో బాయిలర్లు చేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు వెల్డరుగా పనిచేసి, ఎనభైల చివర్లో నారాయణఖేడ్ వచ్చి బస్టాండు వెనక రేకుల షెడ్డు వేశాడు. ఊళ్లో మిగతావాళ్లు నాగళ్లు, ట్రాలీలు అతికితే, ఆయన ఆర్గాన్ గ్యాసుతో సన్నటి స్టీలును అతికే టిగ్ మిషను పెట్టాడు. నేను ఆయన దగ్గర పనికి చేరేనాటికి మా తాత దొరతనంలో మాకు మిగిలినవి విరిగిన ప్రహరీ, కొట్టంలో కదలని కారు, ఎవరి ముందూ వంగకూడదన్న పెంపకం. ఆ వంగకపోవడాన్ని నేను పనిలోకి కూడా తెచ్చుకున్నాను. ఎంత కిందనున్న అతుకైనా నిలబడే వేసేవాణ్ణి. మేస్త్రి నన్ను ‘దొరా’ అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో, ఎకసెక్కెం ఎంతో నాకు చాలాకాలం తెలియలేదు.

మనూర్ పక్క పాలకేంద్రానికి ట్యాంకు చేసే పని వచ్చింది. ఆయన షెడ్డు పెట్టాక వచ్చిన మొదటి పెద్ద పని అదే. ట్యాంకు కారితే రెండోది ఇవ్వరు. ముందుగా స్టీలు ముక్కల మీద వేసి చూసిన అతుకుల్లో రంధ్రాలు పడుతూనే ఉన్నాయి. అతుకులో కరిగించి నింపే తీగ చల్లగా ఉంటే తనతో పాటు చెమ్మను కరిగిన లోహంలోకి మోసుకుపోతోందనీ, కరెంటుతో ముందే ఎర్రగా కాల్చి పంపితే ఆ చెమ్మ దారిలోనే పోతుందనీ ఆయన అన్నాడు. ఫ్యాక్టరీలో అలాంటి మిషను చూశాడట. ఇక్కడ మనమే చేద్దామన్నాడు. దానికో ట్రాన్స్‌ఫార్మరు కావాలి. తాత కారు బ్యాటరీకి వాడిన పెద్ద ఛార్జరు కొట్టంలో ఉందని నాకు తెలుసు. మూడు రోజులు ఆ మాట ఎత్తలేదు. నాలుగో రోజు నా భుజాన నేనే మోసుకెళ్లాను. మేస్త్రి దాని మూత విప్పుతూ, “ఇన్నొద్దులు కారుకు తాకతిచ్చింది, ఇగ తీగకిస్తది” అన్నాడు.

కుట్టుమిషను మోటారుతో తీగను నెట్టించి, రాగి గొట్టంలోంచి పంపాం. మొదటిసారి మంట గాలిలో దీపంలా పక్కకు వాలింది. గాలి తగలకుండా చుట్టూ తాటిపత్రి పట్టా కట్టాం. అయినా వాలింది. మధ్యాహ్నానికి మేస్త్రికి తట్టింది. ఛార్జరు కరెంటు ఒకే దిక్కున పారుతోంది, దాని అయస్కాంతం మంటను నెడుతోంది. కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే పలకలు పీకేసి, ట్రాన్స్‌ఫార్మరు నుంచే నేరుగా తీగకు కలిపాడు. మంట నిటారుగా నిలబడింది. ఎర్రటి తీగ నెయ్యిలా కరుగుతుంటే అతుకు చేపపొలుసుల్లా పరుచుకుంది. ఇక ట్యాంకు అతుకులన్నీ ఆ వేడి తీగతోనే వేస్తూ వచ్చాం.

చివరి అతుకు, ట్యాంకు అడుగుది, నాకప్పగించి ఆయన కల్హేర్‌లో పెళ్లికి వెళ్లాడు. కింద కూర్చుని వేయాల్సిన అతుకు అది. నేను నిలబడే వేశాను. చెయ్యి తిరగక మంటా తీగా ఒకచోట కలవలేదు, రంధ్రాలు పడ్డాయి. వాటి మీద గ్రైండరు తిప్పి, అద్దంలా పాలిష్ చేశాను. మర్నాడు ఆయన వచ్చి ఆ మెరుపును నిమిరి చూశాడు.

“నువ్వేసినవ్ గద దొరా, దీనికి సున్నమెందుకు? లారీ పిలుస్త” అన్నాడు.

నిజంగా సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. లారీ వద్దని చెప్పి నేనే సున్నం కలిపి పూసి, ఆరాక లోపల కిరోసిన్ రాశాను. కాసేపటికి తెలుపు మీద ఒక్కొక్కటే చుక్కలు తేలాయి. ఆయన సుద్దముక్క తీసుకుని ఒక్కొక్క చుక్క చుట్టూ గీత గీశాడు. చివరికి అన్నాడు:

“పాలిష్ మంచిగ చేసినవ్. గని మెరుపు చూసి మోసపోనీకి పాలకు కండ్లుండవ్.”

మా ఇంట్లో నేలమీద వంగి పనిచేసే అలవాటు లేదని గొణిగాను. ఆయన లోపలికి పోయి తను కూర్చునే పొట్టి పీట తెచ్చి ట్యాంకు పక్కన వేశాడు.

“వంగమని ఎవరన్నరు? కూసో. కూసుంటె గూడ నీ నడుము సక్కగనే ఉంటది.”

కూర్చున్నాను. ఆయన అన్నది నిజమే. రంధ్రాలన్నీ తొలిచి, అతుకు మళ్లీ వేశాను. సున్నం పొడిగా ఉండిపోయింది. ట్యాంకు వెళ్లింది. ఆ ఏడాదే రెండో ట్యాంకు పనీ వచ్చింది.

మేస్త్రి ఇప్పుడు లేడు. తాత ఛార్జరు పెట్టె నా షెడ్డు గోడకు ఉంది. పీట కూడా ఉంది, రెండుసార్లు కాళ్లు మార్పించాను. నిన్న సున్నం మీద ఒక చుక్క తేలింది. ఆ అతుకు నేను వేసిందే. ఇంకెవరూ చూడలేదు. సుద్దముక్క అందుకుని దాని చుట్టూ గీత గీసి, పీట లాక్కుని కూర్చున్నాను.