తిట్టుకు కర్త ఉంటాడు

మొబేనిలోని ఆ బూట్ల ఫ్యాక్టరీలో కెస్సీ నోటికి జడవని మనిషి లేడు. తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లే అయినా, అందరిలాగే ఆమె కూడా పొద్దస్తమానం ఇంగ్లీషే మాట్లాడేది. తెలుగు మూడు పనులకే మిగిలింది: దేవుడికి దణ్ణం పెట్టడానికి, పచ్చడికి పేరు చెప్పడానికి, మొగుడు సిడ్నీని తిట్టడానికి. మొదటి రెండింటిలో తడబడేది గానీ మూడో పనిలో ఏనాడూ మాట కోసం వెతుక్కోలేదు.

అలాంటి మనిషి కాగితం ముందు కూర్చుంటే నీళ్లు నమిలేది.

చిన్నప్పుడు క్లెయిర్‌వుడ్‌లో ఇల్లు పోయినప్పుడే ఆమె చదువూ ఆగిపోయింది. నలభై దాటాక, తెల్లా నల్లా తేడా లేకుండా దేశమంతా ఒకే వరసలో నిలబడి ఓట్లు వేశాక, మళ్లీ చదువు మీదికి మనసు మళ్లింది. మెట్రిక్‌లో చరిత్ర తప్ప అన్నీ గట్టెక్కాయి. చరిత్రలోనూ వ్యాసం ఒక్కటే కొరకరాని కొయ్య. అది దాటితే ఖర్వాస్తాన్‌లో చిన్నపిల్లల బడిలో టీచరు పని ఇస్తామన్నారు. ఈసారి కూడా తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది, ఈమెకు రిటైరయ్యేదాకా బూట్ల జిగురు వాసనే.

శనివారాలు పెద్దవాళ్లకు చరిత్ర చెప్పే గిరిధరరావు గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాడు. మొదటిరోజే కెస్సీ "నువ్వు బాగా సెప్తన్నావు సార్" అంటే ఉలిక్కిపడ్డాడు. 'మీరు' అనే మాట ఇక్కడి తెలుగులో ఎప్పుడో రాలిపోయిందని తెలిశాక సర్దుకున్నాడు. ఆమె వ్యాసాలకు మాత్రం సర్దుకోలేకపోయాడు.

"మొదటి పేరాలో ఒక్క వాక్యం తేల్చి చెప్పాలండీ. అదే మీ వాదన. మిగతా వ్యాసమంతా దాన్ని మోస్తుంది" అని ఆయన ప్రతి వారం చెప్పేవాడు. కెస్సీ ప్రతి వారం "కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు, రెండూ నిజం కావచ్చు" అని రాసేది. మధ్యలో భూములు పోయేవి, ఇళ్లు పోయేవి, జనం ఎక్కడికో వెళ్లేవారు. ఎవరూ ఏమీ చేసేవారు కాదు. ఆయన ఎర్ర సిరాతో పక్కన "ఎవరు?" అని రాసి రాసి విసిగిపోయాడు.

ఆమె రాసింది ఇంగ్లీషులోనే అయినా వాక్యం మాత్రం వాళ్లింటిది. ఆమె తండ్రి అంకయ్య ఇన్నేళ్లుగా "ఇల్లు పోయినాది" అనే అంటాడు, ఆ ఇల్లేదో సంతకెళ్లి దారి తప్పినట్టు. ఎవరు తీశారని పిల్లలు అడిగితే, "పేర్లెత్తకండి" అని, పోలీసులు వచ్చేస్తారేమోనన్నట్టు తలుపు వైపు చూసేవాడు.

పరీక్ష దగ్గరపడుతుండగా ఒక శనివారం సిడ్నీ ఆమెను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చాడు, ఒక్కడే వచ్చాడు. దారిలో క్లినిక్ నుంచి మామగారిని తేవలసినవాడు.

"బక్కీ పాడయిపోయినాది, కెస్" అన్నాడు తన చిన్న ట్రక్కు వైపు చూపిస్తూ.

క్లాసు అయిపోయి అందరూ లేస్తున్నారు. కెస్సీ లేవనే లేచింది.

"నువ్వు మా నాయన్ని క్లినిక్ కాడ వొగ్గేసినావు, ఫుట్‌బాల్ సూసీకి! బక్కీ పాడయితే ఇక్కడికెట్ల వచ్చినావు? నీ సొక్కా బీర్ కంపు. నీ గొంతు సూడు, అరిసి అరిసి బొంగురుపోయినాది. బుద్ధి లేనోడా!"

గిరిధరరావు బోర్డు తుడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"కెస్సీగారూ, ఆగండి. మళ్లీ మొదటినుంచి తిట్టండి."

ఆమె రెండోసారి ఇంకా బాగా తిట్టింది. ఆయన గబగబా బోర్డు మీద రాశాడు. మొదటి వాక్యం వాదన. ఎవరు, ఏంచేశారు, ఎందుకు, అన్నీ అందులోనే ఉన్నాయి. చొక్కా, గొంతు ఆధారాలు. బక్కీ సంగతి ఎదుటివాడి వాదం, దాని ఖండన. లేచినవాళ్లంతా మళ్లీ కూర్చుని రాసుకున్నారు. సిడ్నీ పాపం, ఉదాహరణలా నిలబడ్డాడు.

"హిస్టరీని కూడా ఇట్లనే తిట్టాలా సార్?"

"హిస్టరీని కాదండీ, చేసినవాణ్ణి. తిట్టుకు కర్త ఉంటాడు. మీ వ్యాసానికే లేడు."

కెస్సీ ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. ఆ తర్వాత సిడ్నీని ఇంకో మాట అనకుండా క్లినిక్‌కి బయల్దేరదీసింది.

అక్కడినుంచి ఆమె కలం జోరందుకుంది. జోరెక్కువై ఒక పాత ప్రధానమంత్రిని బుద్ధి లేనివాడని రాస్తే, గిరిధరరావు అది కొట్టేసి, "తిట్టు తీసెయ్యండి, కర్తను ఉంచండి" అని సరిదిద్దాడు.

పరీక్షలో వాళ్లింటి సంగతే అడిగారు. జనాన్ని ఇళ్లనుంచి తరలించింది వాళ్ల ఆరోగ్యం కోసమేనని అప్పటి పాలకులు అన్నారు, ఒప్పుకుంటారా? 'కొందరు' అని మొదలుపెట్టబోయింది. తండ్రి ముఖం గుర్తొచ్చి ఒళ్లు మండింది. "ఆరోగ్యం కోసం కాదు, ఫ్యాక్టరీలకు నేల కావాలని ప్రభుత్వం ప్రజల ఇళ్లు తీసుకుంది" అని రాసింది. ఆ తర్వాత ఆమెను ఆపగలిగింది గంట ఒక్కటే.

జనవరిలో ఫలితాలొచ్చాయి. పేపరు పట్టుకుని తిన్నగా అంకయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నాయనా, నేను పాస్! టీచర్ పని నాకే."

ఆయన ఆమె తల నిమిరాడు. "ఏటి రాసినావు?"

ఆమె ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పింది. అంకయ్య చూపు తలుపు మీదికి పోయింది.

"ఎవురూ రాలేదా నీ కాడికి?"

"రాలేదు నాయనా. మార్కులేసినారు."

ముసలాయన కళ్లు తుడుచుకుని, లేచి నిలబడి, వాళ్ల ఇల్లు కొలవడానికి వచ్చినవాడి పేరుతో తిట్లు మొదలుపెట్టాడు. వాడి పేరు, వాడి పైవాడి పేరు, ఆ పైవాడి తాతల దాకా పోయాడు. వరండాలో ఉన్న సిడ్నీ టీ కప్పు కింద పెట్టేశాడు. ఇన్నేళ్లూ తాను తిన్న తిట్లు ఎంత చిన్నవో అతనికి ఆ రోజు అర్థమైంది.