మొదటి బెంచీ నుంచి సెలవు

కోరుట్లలో నేను ఇంగ్లీషు చెప్పే జూనియర్ కాలేజీకి పోయినేడు అమెరికా పూనకం వచ్చింది. ఫేర్‌వెల్ పార్టీ పాతబడిందట, ఇకపై గ్రాడ్యుయేషన్ డే అట. సిరిసిల్లలో కుట్టించిన నల్ల గౌన్లు దిగాయి. ఒక్కోదాన్ని విప్పితే మల్లాపూర్ మండలం మొత్తానికి నీడ పట్టొచ్చు.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు. "సార్, ఫస్టొచ్చిన పిల్లను వాలెడిక్టోరియన్ అంటరంట. ఏంది గా మాట? మూడుసార్లు అన్న, నాలిక మడతవడ్డది."

"లాటిన్ మాట సార్. వాలె అంటే మంచిగుండు, డికెరె అంటే చెప్పుడు. పోయేటప్పుడు అందరికి మంచిగుండుమని చెప్పేటోళ్లన్నట్టు. గా పని ఫస్టొచ్చినోళ్లకిస్తరు, గందుకే పేరు ఆళ్లకు వడ్డది."

"గంతేనా? నేనేదో కిరీటమనుకున్న!"

ఫస్టొచ్చింది సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్ల అమ్మాయి. మా కాలేజీలో ప్రతి సోమవారం మార్కులను బట్టి సీట్లు మారుస్తాం. రెండేళ్లుగా ఆమె మొదటి బెంచీ మొదటి సీటు వదల్లేదు. కొండగట్టు గుట్టయినా అంత స్థిరంగా ఉండదు.

ఆమెను పిలిచి మాట అర్థం చెప్పగానే ముఖం చిన్నబోయింది. "సార్, నా పక్కకు వారానికొకలు కూసున్నరు. దోస్తాని అయ్యేటాళ్లకు సోమారం అచ్చేది. ఇగ మంచిగుండుమని ఎవలకు చెప్పాలె?"

ప్రపంచంలోని ప్రతి ప్రశ్నకూ రెండేసి జవాబులు జేబులో వేసుకు తిరిగే నేను ఆ ప్రశ్నను ఇంటికి మోసుకెళ్లాను. జగిత్యాల నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఒంటి గదిలో ఉంటున్నాను. రేపు నేనే వెళ్లిపోతే ఎవరికి చెప్పాలని వేళ్లు మడిచాను. పాలాయన, ఇస్త్రీ ఆయన. మూడో వేలు అలాగే నిలబడింది. ఆ గుబులు కప్పిపుచ్చుకోవడానికి ఆమెకు నాలుగు పేజీల ఉపన్యాసం రాసిచ్చాను. అందులో సముద్రాలు, శిఖరాలు, ఉషోదయాలు ఉన్నాయి. మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

గ్రాడ్యుయేషన్ డే నాడు మైకు ముందు ఆమె ఆ కాగితాలు విప్పలేదు. "మొదటి సోమారం నా పక్కకు కూసున్నామె, నాకు జరమస్తే నా నోట్సు నువ్వే రాసినవు. మంచిగుండు. రెండో సోమారమామె, నువ్వు పెన్సిల్ కొరుకుతుంటే నాకు లెక్కలు తప్పేటివి. నువ్వు గూడ మంచిగుండు."

"ఓయ్, నా వారమెప్పుడే?" వెనక నుంచి ఒకతె అరిచింది.

"నువ్వెన్నడు ముంగటికచ్చినవే? ఎన్కకెల్లి నవ్విచ్చినవు, సాలు. మంచిగుండు!"

హాలు గొల్లుమంది. పరదా వెనక నేను చొక్కా సర్దుకుని నిలబడ్డాను, వారాలన్నీ అయ్యాక సార్ల వంతు వస్తుందని. రాలేదు. ఆమె మైకు వదిలి దిగింది, నల్ల గౌన్లన్నీ ఆమెను చుట్టేశాయి.

"మంచిగుండు బిడ్డా," అన్నాను. ఆ గోలలో వినబడే వీల్లేదు. అయినా ఇంకోసారి అన్నాను.