పిట్టల కర్రకు చుట్టిన నూలు

మా మామ వెంకటనర్సయ్యకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పోచంపల్లిలో మగ్గం నేసిన మనిషి. మగ్గం అమ్మేసి కర్మన్‌ఘాట్ వచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో చాలా ఏళ్లు సేల్స్‌మన్‌గా నిలబడ్డాడు. మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉండిపోయాడు గానీ, ఆ చేతులు ఊరుకుంటాయా? మంచం నవారు, గేటు గొళ్లెం, నా చున్నీ అంచు, ఏది కనిపిస్తే దానికి ఏదో ఒకటి చుట్టడమో ముడెయ్యడమో. ఆ బాధ పడలేక మా ఆయన చేత ఒక లవ్‌బర్డ్స్ జంటను తెప్పించాను.

ఇక చూడాలి మామ సంబరం! పంజరంలో కర్రలు నున్నగా ఉన్నాయట, పిట్టల కాళ్లు జారుతున్నాయట. వాటికి నూలు చుట్టాడు. కండెలు చుట్టిన చెయ్యి కదా, పోగు పక్కన పోగు ఒద్దికగా కూర్చుంది. బాగానే ఉంది. కానీ మాసితే విప్పడే! దాని మీదే ఇంకో వరుస చుడతాడు. నూలు పారెయ్యడమంటే ఆయనకు అన్నం పారేసినంత పాపం. తెగితే ముడెయ్యాలి, మాసితే కప్పెయ్యాలి, అంతే. వేలంత కర్ర చూస్తుండగానే రోకలంత అయింది.

“ఏంది మామా, పిట్టలకు పరుపు కుడుతున్నవా?” అంటే, “నవ్వకు మాలతీ, కాళ్లకు జర మెత్తగుంటది” అనేవాడు.

పంజరంలో కట్టిన కుండలో పిట్ట గుడ్లు పెట్టింది, పిల్లలయ్యాయి. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. పొద్దుగూకితే చాలు, తల్లి కుండలోంచి బయటికొచ్చి ఒళ్లంతా ముక్కుతో పీక్కునేది. పిల్లల మీద కూర్చునేది కాదు. పిల్లలు తెల్లగా పాలిపోయి ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. మామ వాటిని పెరట్లో పూడ్చి వచ్చి, “నా చెయ్యిల బర్కత్ లేదు” అన్నాడు. ఆనాటి నుంచి నేను పిట్టల్నీ కుండనూ బయటికి తీశాక పంజరం కడిగేవాడే గానీ పిట్టలున్నప్పుడు లోపల చెయ్యి పెట్టేవాడు కాదు. గింజలు కూడా నన్నే వెయ్యమనేవాడు. నాకు ఒళ్లు మండేది. పసిపిల్లల్ని పెంచినట్టు పెంచిన మనిషి తన చేతిని తానే తిట్టుకోవడమేమిటి?

మళ్లీ పిల్లలయ్యాయి, మళ్లీ అదే వరస. ఒక పిల్ల పోయింది, రెండు మిగిలాయి. దానికితోడు మా అత్త భాగ్యమ్మ చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. పంజరం పక్కనే ఆమె మంచం.

“గోకలేక సస్తున్న. ఆయితారం దాకనే చూస్త. ఆయితారం నాడు ఆ షాపోనికే వాపస్ ఇచ్చిరాండ్రి” అంది అత్త.

మామ పోట్లాడతాడనుకున్నాను. “ఇచ్చేయుండ్రి. నా దగ్గరుంటే అవి గూడ బతుకయి” అన్నాడు తల వంచుకుని. మర్నాడే ఆటో పిలిచి పంజరాన్నీ మామనూ ఎక్కించాను. ఎల్బీ నగర్‌లో పిట్టలు చూసే డాక్టర్ ఉన్నాడని విన్నాను.

డాక్టర్ శ్రీరామమూర్తి గోదావరి వైపు మనిషి. పిల్లను అరచేతిలో పెట్టుకుని, ఈకలు ఊది చూశాడు.

“ఒంట్లో రక్తం లేదండీ. ఎర్ర పేను తాగేస్తోంది. ఇది పగలు పిట్ట మీద ఉండదు. ఇరుకు సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి కుడుతుంది. పంజరం ఎలా కడుగుతున్నారు?”

“రోజు సలసల మరిగే నీళ్లతోటి కడుగుతున్న సార్. కుండ గూడ కొత్తదే పెట్టిన” అన్నాడు మామ రోషంగా.

“మరి ఈ కర్రల సంగతి?”

“కర్రలు తీసి పక్కకు పెడ్త. నూలు తడిస్తే కుళ్లుతది గద.”

డాక్టర్ కత్తెర అందుకున్నాడు. మామ చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “కత్తెర పెట్టకుండ్రి సార్. నేను విప్పుత.”

కింద తెల్ల కాగితం పరిచి విప్పడం మొదలుపెట్టాడు. పై వరుస శుభ్రంగా ఉంది. దాని కింద బూడిదలాంటి పొడి రాలింది. ఇంకా కిందికి పోతే ఎర్రటి చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేవు, కాగితం మీద పాకుతున్నాయి. మామ చేతులు ఆగిపోయాయి.

“ఈటికి ఇల్లు నేనే కట్టిచ్చిన్నా సార్?”

“తెలిసి చేశారా ఏంటండీ? పిట్టల కాళ్లు నొప్పెడతాయనే కదా చుట్టారు” అన్నాడు డాక్టర్.

“అంటే... నా చెయ్యి చెడ్డది కాదా?”

“చేతికేమైందండీ, బంగారంలాంటి చెయ్యి! పేను తాగింది, పిల్లలు పోయాయి. అంతే. ఆ నూలు కాల్చెయ్యండి.”

పెద్ద పిట్టలకు మెడ మీద మందు చుక్క వేశాడు. అత్త దద్దుర్లు కూడా ఈ పేను కుట్టినవేననీ, ఇవి పోతే అవీ పోతాయనీ చెప్పాడు. నా గుండెల మీది బరువంతా దిగిపోయింది.

ఇంటికొచ్చి నూలంతా పాత మూకుడులో వేసి తనే అగ్గిపుల్ల గీశాడు. జామకొమ్మలు కొట్టుకొచ్చి కర్రలుగా పెట్టాడు. పిల్లల్ని నేను తీసి పట్టుకుంటే కుండ మళ్లీ మార్చాడు. పంజరం వెనక గోడ పగుళ్లు కూడా సిమెంటుతో పూడ్చాడు. డాక్టర్ రమ్మన్నప్పుడల్లా వెళ్లి మందు వేయించుకొచ్చాం. అత్త చెప్పిన ఆదివారం వచ్చింది, పోయింది. చేతులు నెమ్మదించాయేమో, ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ ముగ్గురం పంజరం ముందు కూర్చున్నాం. తల్లి పిట్ట జామకొమ్మ మీద అటూ ఇటూ నడిచింది. ఒళ్లు పీక్కోలేదు. కాసేపటికి కుండలోకి దూరింది. పిల్లలు కీచుకీచుమని గోల చేసి సద్దుమణిగాయి. బయటికొస్తుందేమోనని చూశాం. రాలేదు.

“కూసున్నదే భాగ్యా! పిల్లల మీద కూసున్నది!” అన్నాడు మామ.

“కూసోక యాడికి పోతది, తల్లి గాదా?” అంది అత్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

తెల్లారి నేను పంజరం తలుపు తీసి గింజలు వెయ్యబోతుంటే మామ వెనక నుంచి వచ్చాడు.

“మాలతీ, ఆ కొర్రల డబ్బా ఇటియ్యి. నేనేస్త.”